సూదక్క ముడి వేయని కొస

సూదక్క వేసిన ముడి ఊడదు. ఆ మాట ఆమె చెప్పుకోదు. హాస్టల్లో బట్టలుతికే ఆవిడ చెబుతుంది, అదీ విసుక్కుంటూ. "గుడ్డ చిరుగుతుంది కానీ ఈవిడ కుట్టు మాత్రం వదల్దు. ఏం చేతులో ఏమో!"

ఆ చేతులు తయారైంది రెడీమేడ్ చొక్కాల ఫ్యాక్టరీలో, చిట్టచివరి బల్ల దగ్గర. కత్తిరింపు, కుట్టు, గుండీలు, ఇస్త్రీ అన్నీ అయ్యాక చొక్కా ఆ బల్ల మీదికి వచ్చేది. ఎక్కడైనా దారం కొస వేలాడుతుంటే పట్టుకోవడం, ముడి వేయడం, కత్తిరించడం ఆమె పని. వేలాడే కొస ఒక్కటి కనబడినా చొక్కా వెనక్కి వచ్చేది. తను చూసి పంపిన చొక్కా వెనక్కి రాలేదన్నది ఆమెకున్న గర్వాల్లో మొదటిది. ఫ్యాక్టరీ మూతబడినప్పుడు అందరూ బకాయిల గురించి మాట్లాడుకుంటుంటే, ఆమె తన చిన్న కత్తెరను జేబురుమాల్లో చుట్టుకుని ఇంటికి వచ్చేసింది.

తర్వాత దొరికిన ఉద్యోగం చూపు లేని పిల్లల బడిలో. అక్కడే చదువు, అక్కడే హాస్టలు. మెట్ల కింద ఒక గది ఇచ్చారు. అందులో కుట్టు మిషను, ఇస్త్రీ బల్ల, వరండా వైపు ఒక కిటికీ, గోడ నిండా అరలు. అరల నిండా ఒకే రంగు, ఒకే కొలత చొక్కాలు. మొదటి రోజే సూది కింద పడింది. "ఎవరూ లోపలికి రాకండి, సూది పడింది!" అని ఆమె పెట్టిన కేక మేడ మీదికి వినబడింది. పిల్లలు చెప్పుల్లేకుండా తిరుగుతారు, కనబడదు, గుచ్చుకుంటుంది అన్న భయం ఆమెకు. తాడుకు అయస్కాంతం కట్టి గదంతా ఈడ్చి సూది దొరికాకే తలుపు తీసింది. ఆ సాయంత్రానికే ఆమె అసలు పేరు పోయి సూదక్క మిగిలింది.

చొక్కాలన్నీ ఒకటే కావడంతో రోజూ పొద్దున్నే తగాదా. "ఇది నాది!" "నీదని రాసుందా?" ఆ మాట విని సూదక్క నిజంగానే రాసింది. కాలరు లోపలి వైపు ఒకరికి గొలుసుకుట్టు, ఒకరికి ఇంటూ గుర్తు, ఒకరికి మూడు బొడిపెలు, ఒకరికి పామువంకర. వేలు పెట్టి తడిమితే ఎవరి చొక్కా వాళ్లకు తెలుస్తుంది. తగాదాలు ఆగిపోయాయి. ఆ సంగతి లెక్కల మాస్టారి చెవిన పడింది.

లెక్కల మాస్టారు పెద్ద చదువు చదివాకే చూపు పోగొట్టుకున్న మనిషి. నల్లబల్ల మీద రాసిన రోజులూ తెలుసు, బ్రెయిలీ చుక్కలూ తెలుసు. ఒక మధ్యాహ్నం గోడ పట్టుకుంటూ మెట్ల కింది గదికి వచ్చారు.

"సూదక్కా, గుడ్డ మీద గీత గీయగలరా?"

"గీయడమేంటి మాస్టారూ, కుడతాను. తిన్నగానా, వంకరగానా?"

"రెండూ కావాలి. ఏది ఏదో వేలికి తెలియాలి."

అలా మొదలైంది గ్రాఫు బల్లల పని. సూదక్క మొగుడు వడ్రంగి. అతను చెక్క చట్రాలు చేసిచ్చాడు. వాటి మీద ముతక గుడ్డ బిగించి, సన్నదారంతో గళ్లు కుట్టి, అడ్డంగా నిలువుగా రెండు అక్షాలకు పురికొస వేసి, వక్రానికి ఊలుతో గొలుసుకుట్టు వేసేది. కళ్లు మూసుకుని తడిమి చూసుకున్నాకే మేడ మీదికి పంపేది. సరళరేఖలు బాగున్నాయి. గిన్నె బోర్లించినట్టుండే వక్రాలు ఇంకా బాగున్నాయి. పిల్లలు ఆ బల్లల్ని ఒళ్లో పెట్టుకుని, చక్కిలిగింతలు పెట్టినట్టు నవ్వుకుంటూ తడిమేవారు.

ఆ పిల్లల్లో ఒకమ్మాయిని అందరూ "ఎందుకమ్మ" అనేవారు. ఏం చెప్పినా "ఎందుకు?" అనేది ఆమె మొదటి మాట. అన్నం వడ్డించే ఆవిడనీ వదిలేది కాదు, మాస్టారినీ వదిలేది కాదు. ఆ పిల్లకి ఒకటే కోరిక. బడి అయ్యాక కాలేజీలో లెక్కల గ్రూపు. దానికి అడ్డం ఒకటే నిబంధన. గ్రాఫు గీసే ప్రశ్న రాసి నెగ్గినవాళ్లకే ఆ గ్రూపులో చోటు. పరీక్షల బోర్డేమో చూపులేని పిల్లలకు ఆ ప్రశ్న తీసేసి బదులుగా రెండు నిర్వచనాలు రాయమంటుంది. అది దయతో చేసిన ఏర్పాటే. ఆ దయ వల్లే ఇంతవరకు ఈ బడి నుంచి లెక్కల గ్రూపులోకి ఎవరూ వెళ్లలేదు.

"నిర్వచనాలు నేనెందుకు రాయాలి మాస్టారూ? గ్రాఫే గీస్తాను. అడగండి వాళ్లని."

"అడుగుతానమ్మా. ముందు అకరణీయ ప్రమేయాలు కానివ్వు. అవే అసలు కొరుకుడు పడనివి."

పైన ఒక సమాసం, కింద ఒక సమాసం ఉండి, పైదాన్ని కిందిదానితో భాగించమనే లెక్కలవి. వాటిలో అన్నిటికన్నా చిన్నది, ఒకటి బై ఎక్స్. మాస్టారు చెబుతుంటే సూదక్క దాన్ని కుట్టింది. అక్షానికి పైన కుడివైపు ఒక కొమ్మ, కింద ఎడమవైపు ఒక కొమ్మ. ఊలు నున్నగా వంపు తిరిగింది. బల్ల మేడెక్కింది. చిన్న పరీక్ష పెట్టారు.

పేపర్లు తడిమి చూసుకున్న మాస్టారికి కోపం వచ్చింది. "ప్రమేయం ఏ విలువలు తీసుకుంటుంది, అంటే వ్యాప్తి ఎంత" అన్న ప్రశ్నకు క్లాసు మొత్తం ఒకే తప్పు రాసింది. సున్నా కూడా వస్తుందట!

"ఎవరిది చూసి ఎవరు రాశారు?"

"చూసి రాయడానికి మాకు కళ్లెక్కడివి మాస్టారూ?" వెనక నుంచి ఒకడన్నాడు. క్లాసంతా గొల్లుమంది.

ఎందుకమ్మ లేచి నిలబడింది. "హారం సున్నా కాకూడదన్నారు. ఒప్పుకున్నాను. అందుకని ప్రదేశంలో, అంటే ఎక్స్‌కి ఇవ్వదగిన విలువల్లో, సున్నా తీసేశాను. కానీ గీత పోయి పోయి అక్షం మీద కూర్చుందిగా? కూర్చోవడమే కాదు, ముడేసుకుని కూర్చుంది. మీరే తడమండి."

మాస్టారు తడిమారు. ఆయన అంతకుముందు వంపు మాత్రం చూసి వదిలేశారు. కొసల దాకా పోలేదు. ఇప్పుడు పోతే, నాలుగు కొసల దగ్గరా నాలుగు ముడులు. గట్టివి, ముచ్చటైనవి. వక్రం ఎప్పటికీ తాకకూడని గీతలకే వాటిని కట్టి పెట్టింది సూదక్క. దారం కొసను ఊరికే వదిలితే ఆమెకు నిద్ర పట్టదు మరి. దగ్గరలో ఏ గీత ఉంటే దానికి కట్టేయడం చివరి బల్ల అలవాటు.

మాస్టారు నవ్వు ఆపుకోలేక కిందికి వచ్చి చెప్పారు. సూదక్క నవ్వలేదు.

"ముడి వేయకపోతే ఊడిపోతుంది మాస్టారూ."

"వేస్తే లెక్క తప్పుతుందమ్మా. ఆ గీతని అసింటోట్ అంటారు. ఈ వక్రం దానికి దగ్గరవుతూనే ఉంటుంది, తాకదు."

"అంత దగ్గరికి పోయి తాకకపోవడమేంటి? మడి కట్టుకుందా?"

మాస్టారు స్టూలు లాక్కుని కూర్చున్నారు. "మీ దగ్గర మీటరు గుడ్డ ఉందనుకోండి. అర మీటరు వెడల్పు ముక్కలు చేస్తే ఎన్నొస్తాయి?"

"రెండు."

"పావు మీటరువి?"

"నాలుగు. బొటనవేలంతవి చేస్తే బోలెడు. దారప్పోగంతవి చేస్తే లెక్కే ఉండదు."

"వెడల్పు సున్నా అయితే?"

సూదక్క కత్తెర కింద పెట్టింది. "వెడల్పే లేకపోతే దాన్ని ముక్క అనరు. అలాంటిదానికి కత్తెర ఎందుకు తీస్తాం?"

"అంతే. ఆ ఒక్కచోట కత్తెర తీయకూడదు. దాన్ని ప్రదేశంలోంచి తీసేశాం. దాని పక్కకి వచ్చేకొద్దీ ముక్కల లెక్క ఆకాశానికి పోతుంది. అందుకే గీత నిలువు అక్షం పక్కన పైకి పోతూనే ఉంది. ఇప్పుడు ఇటు రండి. పది మీటర్ల తెర కావాలి, మీ దగ్గర మీటరే ఉంది. ఎంత తెర వస్తుంది?"

"పదో వంతు."

"వంద మీటర్ల తెరకి?"

"నూరో వంతు."

"ఇంకా పెద్ద తెరకి? ఏదో ఒకనాటికి సున్నా అవుతుందా?"

"ఎలా అవుతుంది? చేతిలో మీటరు గుడ్డ ఉందిగా. కొంచెమే అనాలి కానీ లేదనలేం."

"అదీ! సున్నా రాదు. వ్యాప్తిలో సున్నా లేదు. మీరు వేసిన ముడి ఆ 'కొంచెం'ని కాస్తా 'లేదు' అనిపించింది."

మాస్టారు వెళ్లిపోయాక ఆమె బల్లను ఇంటికి తీసుకెళ్లింది. మొగుడు అన్నం తింటుంటే ఎదురుగా పెట్టుకుని కూర్చుంది.

"ఏంటే, దాన్నట్టా చూస్తావు? అలిగిందా?"

"కొస ముడి వేయొద్దంటున్నారయ్యా."

"వేయకు."

"ఊడదూ?"

"ఊడితే మళ్లీ కుట్టు. జీతం అందుకేగా ఇచ్చేది."

"నోర్మూసుకుని అన్నం తిను."

తిని చేయి కడుక్కుని అతను బల్లను తిరగేసి, చట్రం అంచు మీద చెయ్యి వేశాడు. వడ్రంగికి దేనికైనా వెనకవైపు చూడటం అలవాటు. "గుడ్డని ఎక్కడ కొట్టాను నేను? వెనక. ముందు మేకు కనబడుతుందా? నీ దారం కూడా అంచు దాటించి వెనక కట్టుకో."

సూదక్క ముడులు విప్పింది. తను వేసిన ముడి తనే విప్పడం ఎంత కష్టమో ఆ పూట తెలిసింది. ఊలుని అక్షం పక్కనుంచే, సన్నని సందు వదిలి, గుడ్డ అంచు దాకా తీసుకెళ్లి, అంచు మీదుగా మళ్లించి, వెనక చెక్కకు బిగించింది. వేలు పెట్టి పోతే వక్రం పోతూనే ఉంది, బల్ల అయిపోయింది. అసింటోట్లు వేరేగా తెలియాలని వాటికి మధ్య మధ్య సందు వదులుతూ విడివిడి కుట్టు వేయడం మొదలుపెట్టింది.

ఆ పద్ధతి పిల్లలకు బాగా పట్టుబడింది. హారం ఎక్కడ సున్నా అవుతుందో చూడు, అక్కడ నిలువు గీత. ఎక్స్‌ని చాలా పెద్దది చేస్తే ప్రమేయం దేని దగ్గరికి పోతుందో చూడు, అక్కడ అడ్డగీత. పైన రెండు ఎక్స్ ప్లస్ ఒకటి, కింద ఎక్స్ మైనస్ మూడు ఉంటే, నిలువు గీత మూడు దగ్గర, అడ్డగీత రెండు దగ్గర. సూదక్కకూ ఆ రెండు వాక్యాలు నోటికి వచ్చేశాయి. అంతకు మించి తనకు రాదని ఆమే చెబుతుంది. మిగతాది మాస్టారి పని, ఎందుకమ్మ పని.

కుట్టిన బల్ల చదవడం ఒకటి, సొంతంగా గీయడం ఇంకొకటి. ఎందుకమ్మ మెట్ల కింది గదిలోనే కూర్చుని గుండుసూదులతో, ఊలుతో గీయడం నేర్చుకుంది. గళ్లు కుట్టిన మెత్తని బల్ల మీద బిందువుకొక గుండుసూది గుచ్చి, వాటి చుట్టూ ఊలు నడిపేది. వేళ్లు గుచ్చుకునేవి. ఊలు సరిగా బిగిసేది కాదు.

"అక్కా, నీ ముడి నాకూ నేర్పించవా?"

"దేనికే? నీ గీతలకి ముడి ఉండకూడదుగా?"

"ఉండకూడదని నేర్చుకోకూడదా? ఎందుకు?"

"బాబోయ్, దా, నేర్పిస్తాను. ఆ 'ఎందుకు' మాత్రం ఆపు."

ఈలోగా మాస్టారు బోర్డుకు విన్నవించారు. బోర్డు కాదనలేదు. ఒక మేడం వస్తారు, ఆ అమ్మాయికి అక్కడికక్కడ ఒక ప్రమేయం ఇస్తారు, సొంతంగా గీసి వివరించగలిగితే అసలు పరీక్షలో గ్రాఫు ప్రశ్న ఇస్తారు, లేకపోతే నిర్వచనాలే అని కబురు వచ్చింది. నిర్వచనాలంటే లెక్కల గ్రూపు లేనట్టే.

మేడం పొద్దున్నే వచ్చారు. సన్నగా, పొడుగ్గా, అనవసరంగా ఒక్క మాటా మాట్లాడని మనిషి. గుండుసూదులూ బల్లలూ అన్నీ అక్కడే ఉండటంతో పరీక్ష మెట్ల కింది గదిలోనే పెట్టారు. మాస్టారిని బయట వరండాలో కూర్చోమన్నారు. సూదక్క ఉండొచ్చు, అడిగిన వస్తువు అందించొచ్చు, నోరు తెరవకూడదు.

"లవం, ఎక్స్ వర్గం మైనస్ ఎక్స్ మైనస్ రెండు. హారం, ఎక్స్ వర్గం మైనస్ నాలుగు. రాసుకున్నావా?"

ఎందుకమ్మ బ్రెయిలీ పలకలో పొడుచుకుంది. సూదక్క మనసులో తనకొచ్చిన వాక్యం చెప్పుకుంది. కింద సున్నా ఎక్కడవుతుంది? రెండు వర్గం నాలుగు, మైనస్ రెండు వర్గమూ నాలుగే. అయితే నిలువు గీతలు రెండు. పిల్లకు అందేలా పురికొస ముక్కలు రెండు బల్ల పక్కన పెట్టింది.

నిలువు గీతకు పిల్ల ఒక్కటే వాడింది. మైనస్ రెండు దగ్గర నిలువుగా బిగించింది. నిలువున నాలుగు గళ్లను ఒకటిగా లెక్కపెట్టి, ఇంకో ముక్కను అడ్డంగా ఒకటి ఎత్తులో వేసింది. రెండు దగ్గర ఏమీ వేయలేదు.

సూదక్క ఇంకో పురికొస ముక్క తీసి పట్టుకుంది. పిల్ల మర్చిపోయింది! నోరు తెరవకూడదు. చీర కొంగు నోట్లో కుక్కుకున్నంత పని చేసింది. కిటికీ అవతల మాస్టారి చేతికర్ర కొస నేల మీద టకటకమంటోంది.

పిల్ల గుండుసూదులు గుచ్చింది. ఎడమ కొమ్మ ఒకటికి పైన, కుడి కొమ్మ ఒకటికి కింద. ఊలు నడిపింది. కుడి కొమ్మ మీద రెండు దగ్గరికి వచ్చి ఆగింది. చెయ్యి చాపింది.

"అక్కా, ఒక చిన్న రింగు. మధ్యలో ఖాళీ ఉండాలి."

సూదక్క కిటికీ తెరల రింగులున్న డబ్బాలోంచి అన్నిటికన్నా చిన్న ఇత్తడి రింగు ఏరి అరచేతిలో పెట్టింది. ఎందుకో తెలియలేదు. పిల్ల దాన్ని బల్ల మీద రెండుకి ఎదురుగా, ఒకటికి ఒక గడి కింద గుచ్చి నిలబెట్టింది. ఊలు కత్తిరించింది. ఎడమ నుంచి వచ్చిన కొసను రింగుకు ఎడమవైపు కట్టింది. కొత్త ఊలు తీసుకుని రింగుకు కుడివైపు కట్టి, అక్కణ్నుంచి అంచు దాకా నడిపి, అంచు దాటించి వెనక బిగించింది.

కట్టింది చివరి బల్ల ముడి. రెండు చుట్లు, ఒక మెలిక, కొస లోపలికి. సూదక్క ఆ వేళ్లను చూస్తూ నిలబడిపోయింది.

"చెప్పు," అన్నారు మేడం.

"లవాన్ని విడదీస్తే ఎక్స్ మైనస్ రెండు ఇంటూ ఎక్స్ ప్లస్ ఒకటి. హారాన్ని విడదీస్తే ఎక్స్ మైనస్ రెండు ఇంటూ ఎక్స్ ప్లస్ రెండు. ఎక్స్ మైనస్ రెండు పైనా కిందా కొట్టేసుకుంది మేడం. మిగిలింది ఎక్స్ ప్లస్ ఒకటి బై ఎక్స్ ప్లస్ రెండు. అందుకే నిలువు అసింటోట్ మైనస్ రెండు దగ్గరే."

"కొట్టేశావుగా, మరి రెండు దగ్గర రింగెందుకు?"

"కొట్టేసినా మీరిచ్చిన లెక్కలో అది ఉంది. రెండు పెడితే సున్నా బై సున్నా. ప్రదేశంలో మైనస్ రెండూ లేదు, రెండూ లేదు. మైనస్ రెండు దగ్గర గీత పారిపోతుంది. రెండు దగ్గర పారిపోదు, ఒక్క కన్నం పడుతుంది, అంతే."

"వ్యాప్తి?"

"ఒకటి తప్ప, ముప్పావు తప్ప, మిగతా అన్నీ."

మేడం మొదటిసారి కుర్చీలో ముందుకు జరిగారు. "ఒకటి అసింటోట్, సరే. ముప్పావు ఎందుకు?"

"రింగులో వేలు పెట్టండి మేడం. కళ్లు మూసుకుని."

మేడం కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి కళ్లు మూసుకున్నారు. ఊలు వెంట వేలు నడిపారు. రింగు దగ్గర వేలు ఖాళీలో పడింది.

"ఆ ఎత్తు ముప్పావు. ఈ వక్రం ఒక్కో ఎత్తుకి ఒక్కసారే వస్తుంది. ముప్పావుకి రావాల్సిన ఒక్క చోటూ పోయింది. ఇక ఎక్కడొస్తుంది?"

మేడం వేలు రింగు దాటింది. అడ్డగీత కిందుగా, సన్నని సందు పక్కనే నడిచి, బల్ల అంచు దాకా పోయి, అంచు మీదుగా వెనక్కి తిరిగింది.

"ఇది ఎక్కడికి పోతోంది?"

"బల్ల అయిపోయింది మేడం. లెక్క అవలేదు."

మేడం కళ్లు తెరిచారు. కళ్లద్దాలు పెట్టుకున్నారు. "నిర్వచనాలు నీకవసరం లేదు. గ్రాఫు ప్రశ్నే రాద్దువుగాని," అన్నారు. తలుపు దగ్గర ఆగి, "ఈ ముడి ఎవరు నేర్పారు?" అని అడిగారు.

"నోరు తెరవొచ్చా మేడం?" అంది సూదక్క.

"తెరవండి."

"నేనేనండి." అని, అక్కడితో ఆగలేక, "దానికి ముడి ఎక్కడ వేయాలో మాత్రం నేను నేర్పలేదండి. అది దాని తెలివి," అంది.

వరండాలో మాస్టారు కిటికీలోంచి విని ఫలితం ముందే పట్టేశారు. పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చి ఆయన చేతికర్రను తన్నుకుని పడబోయింది. "మాస్టారూ, కన్నం కూడా ఇచ్చారు!" అంటూ, ఎవరో మిఠాయి పెట్టినట్టు.

ఆ ఏడు ఎందుకమ్మ గ్రాఫు ప్రశ్న రాసింది, నెగ్గింది, లెక్కల గ్రూపులో చేరింది. కాలేజీకి పోయేటప్పుడు సూదక్క కుట్టిన గ్రాఫు బల్ల ఒకటి చంకలో పెట్టుకుపోయింది. తర్వాతి తరగతిలో ముగ్గురు పేర్లిచ్చారు, తమకూ గ్రాఫు ప్రశ్నే కావాలని. సూదక్క మొగుడికి చట్రాల పని పెరిగింది. సణుగుతూనే చేస్తాడు. చెక్క మాత్రం మంచిదే తెస్తాడు.

ఇత్తడి రింగున్న బల్ల మెట్ల కింది గదిలో, మిషను పైన గోడకు ఉంది. సూదక్క దాన్ని విప్పలేదు. గుండుసూదులు ఎన్నిసార్లు తక్కువైనా దాని జోలికి పోనివ్వలేదు. ఒకసారి కొత్త చట్రాలు దించడానికి వచ్చిన మొగుడు దాన్ని తీసి చూస్తూ, వెనక వేలాడుతున్న ఊలు కొస పట్టుకున్నాడు.

"ఏమే, కొస వేలాడుతోంది. నీ కంట్లో ఎట్టా పడలేదు? కత్తెరియ్యి."

సూదక్క అతని చేతి మీద ఒక్కటి వేసింది.

"దాన్నట్టా ఉండనీ," అంది. "అది ఇంకా పోవాలి."